చౌమిన్ మీద చాడీలు

ఒడిశాలోని బరంపురంలో మా ఇంటికి చుట్టాలెవరైనా వచ్చినప్పుడు, సాయంత్రం బయట ఏం తిందామన్న మాట వస్తే నేను మా వీధి చివరి చైనీస్ హోటల్ పేరెత్తడం, వాళ్ళు మొహం చిట్లించడం మామూలైపోయింది. అప్పడాలకీ, ఊరగాయలకీ, పట్టుచీరలకీ పేరుపడ్డ ఊళ్ళో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని చౌమిన్, అంటే వేయించిన నూడుల్స్, తినడమేమిటని వాళ్ళ బాధ. ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి వస్తాయి. అది అసలు చైనా తిండే కాదు. అందులో అజినమోటో కలుపుతారు. పిల్లల నోళ్ళు పాడైపోయి ఇంట్లో వండింది సహించట్లేదు. ఈ మాటలు విని విని నాకొక అభిప్రాయం గట్టిపడింది. చవక చైనీస్ హోటళ్ళ మీద మనవాళ్ళు వేస్తున్న నిందల్లో చాలావాటికి పస లేదు. పసున్న నింద ఒకటి రెండున్నా వాటి జోలికి ఎవరూ పోరు.

ఏ హోటళ్ళ గురించి చెబుతున్నానో ముందే అనుకోవడం మంచిది. ఏసీ, ఎర్ర లాంతర్లు, గాజు తొట్టెలో చేపలు ఉండే రకం నాకు లెక్కలో లేదు. నేననేది ఆరు బల్లలున్న రకం. గోడ మీద డ్రాగన్ బొమ్మ, దాని పక్కనే జగన్నాథుడి క్యాలెండరు. బల్ల మీద ఎర్ర సాసు, పచ్చ సాసు, వెనిగర్‌లో నానుతున్న పచ్చిమిర్చి ముక్కలు. లామినేషన్ చేయించిన మెనూ కార్డు మీద పాత ధర కనబడకుండా స్టిక్కరు, దాని మీద ఇంకో స్టిక్కరు. వెజ్ చౌమిన్ ఫుల్ 60, ఎగ్ 80, చికెన్ 100. హాఫ్ కూడా ఇస్తారు. పొయ్యి వీధి మొహానే ఉంటుంది. పర్లాకిమిడిలోనూ రాయగడలోనూ జయపురంలోనూ ఇదే అచ్చు. ఇచ్ఛాపురం దగ్గర శ్రీకాకుళం జిల్లాలో అడుగుపెడితే కారం ఒక పాలు పెరుగుతుంది, అంతే.

నిందల సంగతికి వెళ్ళేముందు ఆ పొయ్యి దగ్గర కాసేపు నిలబడాలి. ఎందుకంటే తిట్టేవాళ్ళలో చాలామంది అక్కడ ఎప్పుడూ నిలబడలేదు.

సాయంత్రం వంటకి పని మధ్యాహ్నమే మొదలవుతుంది. నూడుల్స్ ముప్పాతిక వంతు ఉడకగానే వార్చేసి, చన్నీళ్ళు పోసి, కొంచెం నూనె పట్టించి పెద్ద పళ్ళెంలో పరుస్తారు. పూర్తిగా ఉడికిపోయినవైతే కడాయిలో పడగానే ముద్ద కడతాయి. అన్నం ఇంకా ముందే వండేస్తారు. పొయ్యి మీంచి దించిన అన్నాన్ని అలాగే వేయిస్తే పొడిపొడిగా రాదు. చల్లారిన అన్నంలో పిండిపదార్థం బిగుసుకుని గింజ గట్టిపడుతుంది, అప్పుడే ఏ మెతుక్కా మెతుకు విడుతుంది. మిగిలిన అన్నంలో నీళ్ళు పోసి ఒడియావాళ్ళు పఖాళ అనీ, మా తెలుగిళ్ళలో చద్దన్నమనీ తినే ఊరు మాది. అన్నం చల్లారాక కూడా పనికొస్తుందని ఇక్కడెవరికీ కొత్తగా నేర్పక్కర్లేదు.

ఆర్డరు పడగానే మాస్టరు భట్టీ మీట తిప్పుతాడు. మంట కడాయి అంచు దాటి పైకి లేస్తుంది. గరిటెడు నూనె, పొగ తేలగానే గుడ్డు. గుడ్డు పొంగుతుండగానే ఉల్లిపాయ, సన్నగా తరిగిన క్యాబేజీ, క్యారెట్. పది లెక్కపెట్టేలోగా నూడుల్స్ పడతాయి. ఉప్పు, మిరియాల పొడి, చిటికెడు తెల్లపొడి. ఇక సోయా సాసు. దాన్ని ఆయన నూడుల్స్ మీద పోయడు, ఎర్రగా కాలుతున్న కడాయి అంచు మీద పోస్తాడు. అది చుర్రుమని ఒక్క క్షణం మాడి, ఆ మాడు వాసనతో సహా కిందికి జారుతుంది. నూడుల్స్ మీద నేరుగా పోస్తే ఉప్పగా, తడితడిగా ఉంటుందట. చివర్లో నాలుగు చుక్కల వెనిగర్, గుప్పెడు ఉల్లికాడలు. అంతా కలిపి మూడు నిమిషాలు పట్టదు. ప్లేటులోకి వచ్చాక క్యాబేజీ వేడిగా ఉంటుంది, కానీ కొరికితే కరకరమంటుంది.

ఇంట్లో ఎన్ని వీడియోలు చూసి చేసినా ఆ కరకర రాదు. ఇంటి స్టవ్ మంట దానికి చాలదు. ముక్కలన్నీ వేసేసరికి బాండీ చల్లబడి, కూరల్లోంచి నీరు ఊరి, వేగాల్సినవి ఉడుకుతాయి. ఈ మంటని అదుపులో పెట్టుకుని ఒక చేత్తో కడాయి ఎగరేస్తూ, రెండో చేత్తో గరిట తిప్పుతూ, వెనక నుంచి వచ్చే మూడు ఆర్డర్లు గుర్తుపెట్టుకోవడం చిన్న పనేం కాదు. దోసె పల్చగా, గుండ్రంగా పోసే మాస్టరు గురించి మనం ఊరంతా చెప్పుకుంటాం. ఈయన్ని మాత్రం ఫాస్ట్‌ఫుడ్ కుర్రాడంటాం. మా మాస్టరు గంజాం జిల్లా కుర్రాళ్ళందరి లాగే మొదట సూరత్ వెళ్ళాడు. పగలు పవర్‌లూమ్ మీద పని, రాత్రి ఒక చైనీస్ బండి దగ్గర కూరలు తరగడం. 2020లో లాక్‌డౌన్‌కి శ్రామిక్ రైలెక్కి ఇంటికొచ్చేశాడు. ఆ పవర్‌లూమ్ పని ఇక్కడ లేదు కాబట్టి రెండో విద్యే కూడు పెడుతోంది.

ఇప్పుడు మొదటి నింద. అసలు చైనా తిండి కాదట. మరి దీన్ని కనిపెట్టింది ఎవరనుకుంటున్నారు?

కలకత్తాకి దిగువన హుగ్లీ ఒడ్డున అచిపూర్ అనే ఊరుంది. 18వ శతాబ్దం చివర్లో అచ్యూ అనే చైనా వ్యాపారి అక్కడ చెరకు వేసి చక్కెర మిల్లు పెట్టాడు. ఊరికి ఆయన పేరే నిలిచింది. ఆ తర్వాత తరతరాలుగా చైనీయులు కలకత్తా వస్తూనే ఉన్నారు. వడ్రంగులు, పళ్ళ డాక్టర్లు, బూట్లు కుట్టేవాళ్ళు. వాళ్ళలో హక్కా తెగవాళ్ళు కలకత్తాలోని టాంగ్రా పేటలో తోళ్ళు శుద్ధిచేసే పని పట్టారు. 1962లో చైనాతో యుద్ధం వచ్చేసరికి, ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళని కూడా అనుమానించి సుమారు 3,000 మందిని రాజస్థాన్‌లోని దేవ్‌లీ శిబిరానికి తరలించారు. కొందరు అక్కడ ఏళ్ళ తరబడి ఉండిపోయారు. బయటికొచ్చాక చాలామంది కెనడా, మరో దేశం అంటూ వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళ తోళ్ళ పరిశ్రమని కాలుష్యం కారణంగా ఊరి బయటికి తరలించమని 1996లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అప్పటికే టాంగ్రాలో పేరు తెచ్చుకున్న హోటళ్ళు చాలా కుటుంబాలకి ఆసరా అయ్యాయి.

వాళ్ళ బల్లల దగ్గర కూర్చున్నది బెంగాలీలు, మార్వాడీలు, పంజాబీలు. పచ్చిమిర్చి కావాలన్నారు, గ్రేవీ కావాలన్నారు, వెల్లుల్లి ఇంకాస్త వేయమన్నారు. వంటవాడు వేశాడు. కలకత్తాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయిలోని క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాలో, ఎవరో కొత్తగా ఏదైనా చేయమంటే అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేయించి, మసాలా బదులు సోయా సాసు పోసి, కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబరిచి కోడిముక్కలు వేశానని చెప్పుకున్నాడు. చికెన్ మంచూరియన్ అలా పుట్టిందంటారు. చైనాలోని మంచూరియా ప్రాంతంలో దాన్ని ఎరిగినవాళ్ళు లేరు. మన షెజ్వాన్ సాసులో సిచువాన్ మిరియం ఒక్క గింజ ఉండదు, అది మన వెల్లుల్లి కారానికి పెదతల్లి బిడ్డ. అయితే ఏమైంది? ఈ దేశంలో స్థిరపడ్డ చైనావాళ్ళు ఈ దేశంవాళ్ళ కోసం వండిన తిండి ఇది. బీజింగ్‌లో దొరకదన్న కారణంగా దాన్ని నకిలీ అనడం, శిబిరాలకి పోయి వచ్చి మళ్ళీ పొయ్యి వెలిగించుకున్న ఆ కుటుంబాలని ఇంకోసారి పరాయివాళ్ళని చేయడమే. ఈ విషయంలో నాకు కోపం కొంచెం ఎక్కువే.

మా ఊరికి ఇది ఏ దారిన వచ్చిందో ఊహించడం కష్టం కాదు. హౌరా నుంచి మద్రాసు పోయే రైలుమార్గం మీద ఉన్నాం. ఉద్యోగాలకీ, వ్యాపారానికీ కలకత్తా పోయివచ్చేవాళ్ళు ఈ ఊళ్ళో ఎప్పుడూ ఉన్నారు. చౌమిన్ అమ్మే కొట్టులోనే పక్కన పెనం మీద ఎగ్ రోల్ కూడా చుడుతున్నారంటే అది కలకత్తా వాసనే.

ఇక అజినమోటో. విశాఖలో ఉన్న మా పిన్ని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతుంది. "ఏరా, ఇంకా ఆ చైనా హోటల్‌కే పోతున్నావా? అందులో అదేదో పొడి వేస్తారట, నరాలు పోతాయిరా."

ఆ పొడి పుట్టుక 1908 నాటిది. జపాన్‌లో కికునే ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త, సముద్రపు నాచుతో కాచిన చారుకి ఆ రుచి ఎక్కడినుంచి వస్తోందని వెతుకుతూ గ్లుటమేట్ అనే పదార్థాన్ని పట్టుకున్నాడు. మరుసటేడే అజినమోటో పేరుతో అది అమ్మకానికొచ్చింది. టమాటాలో గ్లుటమేట్ సహజంగానే ఉంటుంది, తల్లిపాలలోనూ ఉంటుంది. భయం మాత్రం 1968లో మొదలైంది. అమెరికాలో రాబర్ట్ హో మాన్ క్వాక్ అనే డాక్టరు ఒక వైద్య పత్రికకి ఉత్తరం రాశాడు. చైనీస్ హోటల్లో తిన్నాక మెడ వెనక తిమ్మిరిగా, గుండె దడగా ఉంటోంది, కారణం సోయా సాసా, వంటలో పోసే వైనా, ఉప్పా, లేక ఈ పొడా అని అందులో అనుమానాలు వెలిబుచ్చాడు. పత్రికవాళ్ళు దానికి చైనీస్ రెస్టారెంట్ సిండ్రోమ్ అని శీర్షిక పెట్టారు. ఉత్తరంలోని అనుమానాలన్నీ జనం మర్చిపోయి పొడిని ఒక్కదాన్నే గుర్తుపెట్టుకున్నారు. తర్వాత, ఎవరికి ఏది పెట్టారో పెట్టినవాళ్ళకీ తిన్నవాళ్ళకీ తెలియకుండా చేసిన పరీక్షల్లో ఆ లక్షణాలు నిలకడగా కనబడలేదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ దీన్ని ఉప్పు, బేకింగ్ పౌడర్ ఉన్న వరసలోనే ఉంచింది. తూకానికి తూకం చూస్తే ఉప్పులో ఉన్న సోడియంలో మూడోవంతే ఇందులో ఉంటుంది. బీపీ ఉన్నవాళ్ళు భయపడాల్సింది చిటికెడు తెల్లపొడికి కాదు, సోయా సాసు పోశాక మళ్ళీ వేసే ఉప్పుకి.

పిన్నికి ఇవన్నీ చెప్పి చూశాను. "నువ్వు డాక్టరువా?" అంది. కాదు. కానీ ఆమె ఇంట్లో సాయంత్రం టీతో పాటు విప్పే మసాలా చిప్స్ ప్యాకెట్ల వెనక సన్న అక్షరాల్లో 627, 631 అని తరచూ కనబడుతుంటాయి. గ్లుటమేట్‌కి జోడుగా పనిచేసి రుచి పెంచే సరుకే అది. ప్యాకెట్‌లో ఉంటే కనబడదు, కడాయిలోకి చిటికెడు వేస్తుంటే కనబడుతుంది. అదే తేడా. ఒంటికి పడదనుకునేవాళ్ళు వద్దని చెబితే మాస్టరు వేయడు. పొయ్యి మీ కళ్ళ ముందే ఉంది కాబట్టి వేశాడో లేదో కూడా మీకే తెలుస్తుంది. పెద్ద హోటల్లో ఊగే తలుపు వెనక ఏం జరుగుతోందో మీరు చూడగలరా?

మరి ఈ హోటళ్ళలో తప్పేమీ లేదా అంటే, ఉంది. నూనె. చౌమిన్‌కి, ఫ్రైడ్ రైస్‌కి ప్లేటుకింత అని తాజా నూనె పోస్తారు. అసలు గొడవ గోబీ, చికెన్ ముక్కలు ముందుగా వేయించి పెట్టుకునే లోతు మూకుడుతో. అందులో నూనె తగ్గితే కొత్తది కలుపుతారు తప్ప పాతది పారబోయరు. నూనెని మళ్ళీ మళ్ళీ కాచేకొద్దీ పోలార్ కాంపౌండ్స్ అనే పదార్థాలు పెరుగుతాయి. వాటి మోతాదు 25 శాతం దాటిన నూనె వాడకూడదని మన దేశంలో 2018 నుంచి నిబంధన ఉంది. సందులోని ఆరు బల్లల హోటల్లో దాన్ని కొలిచేవాడెవడు? కొలిచే పరికరం మన దగ్గరా ఉండదు, కళ్ళు ఉంటాయి. నూనె నల్లబడి, చిక్కబడి, ముక్క వేయగానే నురగ పైకి లేచి ఆగకుండా ఉంటే ఆ రోజు మంచూరియా మానేసి చౌమిన్ చెప్పుకోవడం మేలు.

రెండోది రంగు. 2024 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం గోబీ మంచూరియాలో కృత్రిమ రంగుల వాడకాన్ని నిషేధించింది. అంతకుముందు వాళ్ళు తీసిన 171 నమూనాల్లో 107 వాటిలో అలాంటి రంగులు బయటపడ్డాయి. మా వీధిలో పరిస్థితి అంతకంటే గొప్పగా ఉంటుందని నేననుకోను. ఒకరోజు కొట్టు ఖాళీగా ఉన్నప్పుడు యజమానిని అడిగాను.

"భాయినా, రంగు వేయకుండా ఒక ప్లేటు చేయించు, చూద్దాం."

"చేయిస్తా సార్, కానీ చూడ్డానికి బాగోదు. రంగు లేకపోతే నిన్నటిది వేడిచేసి ఇచ్చానంటారు."

చేయించాడు. ప్లేటులోకి వచ్చింది గోధుమరంగు, కొంచెం నలుపు తిరిగిన సాసు. కళ్ళు మూసుకుని తింటే తేడా లేదు. కళ్ళు తెరిస్తే, నిజం చెప్పొద్దూ, తేడా ఉంది. పక్క బల్ల మీది ఎర్రటి ప్లేటు ఎక్కువ నోరూరించింది. ఎరుపుంటేనే కారమని మన కళ్ళకి అలవాటు చేసేశారు. అయినా ఇప్పుడు నేను చెబితే రంగు లేకుండానే ఇస్తారు. ఇంకో ఇద్దరు ముగ్గురు అడగడం కూడా విన్నాను. ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా ఆగక్కర్లేని పని ఇదొక్కటే.

పిల్లల నోళ్ళు పాడవుతాయన్న మాట గురించి పెద్దగా చెప్పడానికేమీ లేదు. ఇంట్లో చారు రోజూ ఒకేలా చప్పగా ఉంటే దానికి చౌమిన్‌ని అనడం దేనికి?

ఈ హోటళ్ళని నేను వెనకేసుకురావడానికి తిండి ఒక్కటే కారణం కాదు, అక్కడ కూర్చునేవాళ్ళు కూడా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు బరంపురం ఇటు వచ్చింది, ఇచ్ఛాపురం మద్రాసు వైపే ఉండిపోయింది. అప్పటినుంచి మా ఊళ్ళో తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ కలిసే బతుకుతున్నారు కానీ తిండి దగ్గర మాత్రం ఎవరి బింకం వాళ్ళది. మా పప్పుచారు ముందు కూరగాయలేసి వండే వాళ్ళ పప్పు డాల్మా ఎంత అని మేమూ, మీ చింతపండు పులుపు ఎవడు తింటాడని వాళ్ళూ. పెళ్ళి భోజనాల దగ్గర ఈ గొడవ నవ్వులతో మొదలై ఒక్కోసారి నవ్వుల్లేకుండా ముగుస్తుంది. చైనీస్ హోటల్లో ఈ బాధ లేదు. మా అమ్మ ఇలా చేయదు అనే హక్కు అక్కడ ఎవరికీ లేదు. రాత్రి తొమ్మిది దాటాక చూడండి. చీరల కొట్లు కట్టేసి వచ్చిన సేల్స్‌మెన్, మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో డ్యూటీ దిగిన నర్సులు, ఒక ఎగ్ చౌమిన్‌ని రెండు ప్లేట్లలో పంచుకునే హాస్టల్ అమ్మాయిలు. టిఫిన్ హోటల్లో అయితే చేయి కడుక్కునేలోపే వెనక ఎవరో కుర్చీ పట్టుకుని నిలబడతారు. ఇక్కడ ఆర్డరు వచ్చేదాకా, తిన్నాక ఇంకో పది నిమిషాలు కూర్చున్నా లేవమనరు.

ఏడాదిలో ఒక నెల మాత్రం ఈ బల్లలు బోసిపోతాయి. కార్తీకం. తెలుగిళ్ళలో సోమవారాలు, ఒడియా ఇళ్ళలో నెలంతా నీచు ముట్టనివాళ్ళు చాలామంది. చివరి ఐదు రోజులు, పంచుక అంటారు, అప్పుడైతే గుడ్డు అడిగేవాడే ఉండడు. మాస్టరు ఉల్లి, వెల్లుల్లి లేకుండా వేరే కడాయిలో చౌమిన్ చేస్తాడు. రుచి సగమే ఉంటుంది, ఆ సంగతి ఆయనే ముందు చెప్పేస్తాడు. పున్నమి దాటిన మర్నాడు ఛాడఖాయి. నెల రోజుల బాకీ తీర్చుకున్నట్టు ఊరు ఊరంతా మాంసం తింటుంది. ఆ సాయంత్రం చిల్లీ చికెన్ కోసం వీధిలో వరస కడతారు.

చివరిగా డబ్బు సంగతి. నూనె మార్చమని అడగడం తేలికే, దాని ఖర్చు ఎవరిదో చెప్పాలి కదా. హోటలుకి కావాల్సింది 19 కిలోల కమర్షియల్ సిలిండరు. దాని ధర సాధారణంగా ప్రతి నెల ఒకటో తారీఖున మారుతుంది. క్యాబేజీ, ఉల్లి, గుడ్డు ఏ వారం ఎంత ఉంటాయో చెప్పలేం. ప్లేటు ధర మాత్రం ఏడాదికి ఒకసారి కదిపితే గొప్ప. మే నెల ఉక్కపోతలో, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా లేని ఆ మూల, సాయంత్రం ఐదు నుంచి రాత్రి పదకొండు దాకా మంట ముందు నిలబడే మాస్టరు జీతం కూడా ఆ 60 రూపాయల్లోంచే రావాలి. ఏసీ హోటల్లో పనీర్ చిల్లీకి 250 కట్టి, టిప్పు పెట్టి వచ్చేవాళ్ళే ఇక్కడ పది రూపాయలు పెరిగితే మోసపోయినట్టు మాట్లాడతారు.

ప్లేటుకి పది పెంచితే మూకుడు నూనె ఏ రోజుకారోజు మార్చేస్తానని యజమాని అంటాడు. పెంచితే జనం పక్క బండికి పోతారనీ ఆయనే అంటాడు. ఆ పది నేనైతే సంతోషంగా ఇస్తాను. కానీ ఆయన భయం ఉత్తది కాదు. ఈ మధ్య మెనూ కార్డు మీద కొత్త స్టిక్కరు పడ్డ రోజు నా పక్క బల్ల దగ్గర నలుగురు కుర్రాళ్ళు ధర చూసి, మొహమొహాలు చూసుకుని, నాలుగు ఫుల్ అన్నవాళ్ళు నాలుగు హాఫ్ అని మార్చి చెప్పారు.